గది చల్లగానే ఉంది, వేడెక్కింది బకెట్టు

మొత్తానికి మొన్న రాత్రి, ఇంట్లో నేనే చేసిన బీర్ మొదటి సీసా మూత తీశాను. నెల రోజుల పైనే దాని కోసం ఎదురుచూశా కాబట్టి అంతా గుర్తున్నప్పుడే రాసి పెట్టుకుందామని కూర్చున్నా. ఇంట్లో బీర్ చేసుకోవడానికి చట్టం అన్ని చోట్లా ఒప్పుకోదు, నేను ముందు అది చూసుకున్నాకే మొదలుపెట్టా, మీరూ చూసుకోండి.

మొదటిసారి కదా అని 10 లీటర్లే అనుకున్నా. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, దాన్ని దంచి నానబెట్టే పని పెట్టుకోకుండా పొడిగా వచ్చే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తీసుకున్నా, 1.3 కిలోలు. ఆ పొడికి ఆవిరి తగిలితే చాలు చెంచాకి అంటుకుని బంకలా అయిపోతుంది, అందుకని గిన్నె స్టవ్ మీంచి దించి, పొడి పోసి, బాగా కలిపి మళ్ళీ పెట్టాలి. ఇక మరగడం మొదలయ్యే ఆ రెండు నిమిషాలు మాత్రం ఎక్కడికీ కదలకూడదు. నురుగు అంచు దాకా ఒక్క ఊపున లేచింది, మంట తగ్గించి కలుపుతూనే ఉంటే కాసేపటికి దానంతటదే కిందకి దిగింది, ఆ తర్వాత గంటసేపు ప్రశాంతంగా మరిగింది. హాప్స్, అంటే బీర్‌కి చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు, రెండు సార్లు వేశా. మొదట్లో వేసింది చేదు కోసం, ఎందుకంటే వాటిలో ఉండే ఆమ్లాలు చాలాసేపు మరిగి మారితే గానీ చేదు నీళ్ళలోకి సరిగ్గా దిగదు. చివరి 5 నిమిషాల్లో వేసింది వాసన కోసం, వాసనిచ్చే నూనెలు ఎక్కువసేపు మరిగితే ఆవిరితో పాటే పోతాయి. ఆ రెండోసారి వేసినప్పుడు వచ్చిన వాసన ఉంది చూడండి, పచ్చి ఆకు నలిపినట్టు, కొంచెం నారింజ తొక్కలా, ఇల్లంతా నిండిపోయింది.

శుభ్రత గురించి అందరూ చెప్పేదే, మరగడం ఆగిపోయాక దానికి తగిలే ప్రతి వస్తువూ, చెంచా, గొట్టం, బకెట్టు, మూత, ఆఖరికి యీస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) ప్యాకెట్ కత్తిరించే కత్తెర కూడా శానిటైజర్‌లో మునగాలి. అందులో నేను ఏ లోటూ చెయ్యలేదు. పొరపాటు ఇంకోచోట జరిగింది.

గిన్నెని ఐసు నీళ్ళలో పెట్టి చల్లార్చా, 24 డిగ్రీలకి వచ్చింది. 20 లోపు దిగితే మంచిదని తెలుసు, కానీ అప్పటికే రాత్రి పదకొండు దాటింది, గది 21 డిగ్రీలే ఉంది కదా, తెల్లారేసరికి బకెట్టు కూడా అంతకే వస్తుందిలే అనుకున్నా. ద్రవంలో చక్కెర ఎంతుందో తెలిపే హైడ్రోమీటర్ (మామూలు నీళ్ళకి 1.000, చక్కెర పెరిగితే అంకె పెరుగుతుంది) చూస్తే 1.048. యీస్ట్ చల్లి మూత బిగించి పడుకున్నా. పొద్దున లేచేసరికి ఎయిర్‌లాక్, అంటే గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత మీది గొట్టం, బుడగలు వేస్తోంది, టపుక్, ఓ క్షణం ఆగి మళ్ళీ టపుక్. దాని పక్కనే నేల మీద కూర్చుని ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

సాయంత్రం బకెట్టు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. అప్పుడు దాని గోడకి అంటించే థర్మామీటర్ స్టిక్కర్ అతికించి చూస్తే 26! గది అదే 21. యీస్ట్ చక్కెరని తింటూ ఆల్కహాల్, గ్యాసే కాదు, వేడి కూడా పుట్టిస్తుంది, జోరుగా పులిసే రోజుల్లో బకెట్టు లోపల గది కన్నా చాలా వేడిగా ఉంటుంది. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే బాగుండేది. గాభరాగా స్నేహితుడికి ఫోన్ చేస్తే "ఒరే, మూత మాత్రం తియ్యకు, టబ్బులో నీళ్ళు పోసి బకెట్టు అందులో దించు, గడ్డకట్టిన నీళ్ళ సీసాలు మారుస్తూ ఉండు" అన్నాడు. తడి టవల్ కూడా చుట్టా. మూడోరోజుకి 20కి దిగింది, కానీ రుచిని తేల్చేవి ఆ మొదటి రెండు మూడు రోజులే.

1516లో జర్మనీలోని బవేరియాలో బీర్ గురించి చట్టం రాసినప్పుడు బార్లీ, హాప్స్, నీళ్ళు అని మూడే రాశారు, యీస్ట్ మాటే లేదు. ఆ తర్వాత 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీర్ కంపెనీ ల్యాబ్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన యీస్ట్‌ని పెంచి చూపించాడు. బకెట్టు మీద చెయ్యి వేసిన ఆ సాయంత్రం నాకు అర్థమైంది, లోపల ఉన్నది ప్రాణమున్నది, నేను చూసుకోవాల్సింది గదిని కాదు, దాన్ని.

రెండు వారాలకి బుడగలు ఆగాయి. ఆగినంత మాత్రాన పులవడం అయిపోయినట్టు కాదు, మూడు రోజుల తేడాతో రెండుసార్లు హైడ్రోమీటర్ పెట్టి రెండుసార్లూ 1.012 వచ్చాకే సీసాల్లో పోశా. లెక్క కడితే ఆల్కహాల్ 4.7 శాతం. గ్యాస్ కోసం 70 గ్రాముల చక్కెర కొద్ది నీళ్ళలో మరిగించి, చల్లార్చి కలిపా. ఇక్కడ చక్కెర ఎక్కువైనా, తొందరపడి ముందే పోసినా సీసాలు పేలతాయి, గాజు ముక్కలతో ఆటలొద్దు. తర్వాత ఇంకో రెండు వారాలు ఆగా.

మూత తియ్యగానే సన్నగా బుస్సుమంది. నురుగు తెల్లగా, చిక్కగా నిలబడింది. చేదు నేను కోరుకున్నంతే ఉంది. కాకపోతే ముక్కు దగ్గర పెట్టగానే మాగిన అరటిపండు వాసన, మింగాక గొంతులో కొంచెం మంట. ఆ రెండూ ఆ 26 డిగ్రీల వేడిలో యీస్ట్ పుట్టించినవే. అయినా గ్లాసు మొత్తం తాగా, నెమ్మదిగా, నేను చేసిందే అనుకుంటూ.

ఈ ఆదివారం మళ్ళీ అదే మాల్ట్, అవే హాప్స్, కావాలనే ఏమీ మార్చట్లేదు. టబ్బులో నీళ్ళు ముందే నింపి పెడతా, స్టిక్కర్ మీద 18 కనపడేదాకా యీస్ట్ ప్యాకెట్ కత్తిరించను, అర్ధరాత్రి దాటినా సరే.