అత్తమ్మ చిక్కిపోవడానికి నా వంట కారణం కాదు

మా అత్తమ్మకు మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు తొలి దశలో ఉందని బెంగళూరు వైద్యులు పోయిన వారం తేల్చారు. జబ్బు పేరు వినడం కష్టంగానే ఉన్నా, నా మీద పడిన నింద తొలగినందుకు ఊరట కలిగింది.

పూటపూటా సంగటి ముద్ద ఎప్పటిలాగే తింటున్నా ఆమె ఏడాదిగా సన్నబడుతూ వచ్చారు. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే గాజులు మోచేతి దాకా జారసాగాయి. సంగటి కెలుకుతూ సగంలోనే తెడ్డు వదిలి నన్ను పిలిచేవారు.

అనంతపురంలో రక్తపరీక్షలు త్వరగానే అయిపోయాయి. షుగరు, థైరాయిడు, బీ12 అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆ కాగితాలతో పేరున్న ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు జరిగినది మాత్రం నేను మరువలేను. ఆయన అత్తమ్మ చేతిని తాకనైనా తాకకుండా, తలుపు తెరిచి ఉండగానే, బయట బెంచీల మీద ఉన్నవారందరికీ వినపడేలా "ఏమ్మా, ముసలామెకు కడుపునిండా పెడుతున్నావా?" అని అడిగారు. అడిగిందే మళ్లీ అడుగుతున్నారని, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నారని నేను చెప్పబోతే, "వయసైతే మరుపు రాదా" అంటూ బలానికి టానిక్ రాసి పంపించారు. వెంట కొడుకు వచ్చి ఉంటే ఆ ప్రశ్న అడిగేవారా? ఆ బెంచీ మీద మా వీధి ఆవిడ కూడా ఉండడంతో సాయంత్రానికల్లా మాట మా ఆడబిడ్డ చెవిన పడింది. "అమ్మకు ఏం పెడుతున్నావు వదినా" అని ఆమె ఫోన్‌లో అడిగినప్పుడు నాకు గొంతు పెగలలేదు.

బెంగళూరులో వైద్యురాలు అత్తమ్మ చేత పిడికిలి బలం కొలిచే పరికరాన్ని నొక్కించారు. ఆసియా ప్రమాణాల ప్రకారం ఆడవారికి 18 కిలోల కన్నా తగ్గితే బలహీనత కింద లెక్క. ఆమెది అంతకు చాలా కిందనే ఆగింది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమన్నారు, జ్ఞాపకశక్తి ప్రశ్నలు అడిగారు, ఎంఆర్ఐ తీయించారు. మతిమరుపు స్పష్టంగా బయటపడక ముందే కొందరిలో కండ కరగడం మొదలవుతుందని ఆ వైద్యురాలు నాకు ఓపికగా వివరించారు. 2024లో షికాగోలో జరిగిన రేడియాలజీ సదస్సులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కణత దగ్గరి కండరం చిన్నదిగా ఉన్న వృద్ధులకు డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతి తగ్గే జబ్బుల) ముప్పు సుమారు 60 శాతం ఎక్కువగా కనిపించిందని ప్రకటించిన సంగతి తరువాత చదివాను. అలాగని కండ తగ్గిన ప్రతివారికీ ఈ జబ్బే అనుకోకూడదు. క్షయ, క్యాన్సర్ వంటివి కూడా మనిషిని అలాగే చిక్కిస్తాయి.

ఇంట్లో పెద్దవారు తింటూనే చిక్కిపోతుంటే నెలనెలా బరువు రాసిపెట్టి, మరుపు గుర్తులను తేదీలతో సహా ఆ పక్కనే రాసి, డాక్టరు ముందు పెట్టండి. రోగిని ముట్టుకోకుండా మందు రాసే డాక్టరు దగ్గరకు రెండోసారి వెళ్లకండి. అత్తమ్మకు ఇప్పుడు మతిమరుపుకు వాడే డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టారు. దానివల్ల కొందరికి ఆకలి మందగిస్తుంది కనుక గుడ్డు, పప్పు పెంచి, రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయించమన్నారు.