చుక్క పెట్టడం నా పని

కదిరి నుంచి బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళు. మారతహళ్ళిలో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుని. కష్టపడకుండా వచ్చేసిన కన్నడ మాట 'తూక'. ఇక్కడ బిడ్డ బరువుకీ అదే మాట. మా వైపు తూకమంటే చింతపండుకీ బెల్లానికీనూ.

డాక్టరు గదిలోకి పోయే ముందు ప్రతి బిడ్డా నా దగ్గర ఆగాల్సిందే. చెప్పులు, స్వెట్టరు తీయించి, మిషను సున్నా మీదుందో లేదో చూసి ఎక్కిస్తా. నెలల బిడ్డకైతే డైపరు కూడా ఉండకూడదు. తడిసిన డైపరే వంద, రెండు వందల గ్రాములు తూగుతుంది. నెలంతా పెరిగేదే అరకిలో అయినప్పుడు అది చిన్న తేడా కాదు. రెండేళ్ళలోపు పడుకోబెట్టి పొడవు, ఆపైన నిలబెట్టి ఎత్తు. ఆ అంకెల్ని ఎదుగుదల చార్టు మీద చుక్కగా పెడతా. ఐదేళ్ళ దాకా డబ్ల్యుహెచ్‌ఓ చార్టు, తర్వాత 2015లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన చార్టు. ఒక్క చుక్కతో ఏమీ తెలీదు. పాత చుక్కలతో కలిపి గీత ఎటు పోతాందో చూడాల.

చుక్క తేలికే, నోటితోనే తంటా. వచ్చిన కొత్తలో ఎనిమిదేళ్ళ పాప మిషనెక్కితే, మనోళ్ళే కదా అని చనువుగా "ఏమ్మా, బాగా లావైనావే" అన్నా. ఆ పాప రెండు చేతుల్తో గౌను ముందుకు లాగి పొట్ట కనపడకుండా పట్టుకునింది. మిషను దిగిందాకా వదల్లేదు. సాయంత్రం డాక్టరమ్మ పిలిచి, "అంకె రాయి చాలు. మాట నేను చెప్తా" అనింది.

మొన్న ఆరేళ్ళ పిల్లోడు వచ్చినాడు. 31 కిలోలు, 118 సెంటీమీటర్లు. బీఎమ్‌ఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, 22 దాటింది. చార్టులో పై గీత దాటితే ఊబకాయం. దాన్ని 27 అంటారు గానీ అది పెద్దోళ్ళ లెక్క. ఆరేళ్ళ దగ్గర ఆ గీత చాలా కిందుంటుంది. వీడి చుక్క దాన్నీ దాటింది. మదనపల్లె నుంచి వచ్చిన అవ్వేమో "చిక్కిపోయినాడు సిస్టరూ, ఈ ఊరి నీళ్ళు పడలే" అంటాంది. వాళ్ళమ్మ చెవిలో ఆఫీసు మీటింగు.

డాక్టరమ్మ కడుపు మాడ్చమనలేదు. "బరువు తగ్గించొద్దు, పెరక్కుండా చూడండి. ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటాడు" అని, ప్యాకెట్ జ్యూసులు, ఫోను చూపిస్తా తినిపించడం గురించి ఒక్కొక్కటే అడిగింది.

పోయేటప్పుడు అవ్వ నా పక్కకొచ్చింది. "ఎంతుండాడు? గట్టిగా చెప్పాకు, దిష్టి."

కార్డు తిప్పి చూపించా. ఆమె కళ్ళద్దాలు తెచ్చుకోలేదు.

"మంచి అంకేనా?"

పిల్లోడు ఆమె కొంగు పట్టుకుని నా మొహమే చూస్తాన్నాడు.

"డాక్టరమ్మ చెప్పిందిగా, అవ్వా" అన్నా.