1.97 కోట్ల ఓట్లు, ఎలక్టోరల్ ఓట్లు సున్నా

1992లో మా డల్లాస్ వ్యాపారవేత్త రాస్ పెరో ఏ పార్టీ అండా లేకుండా అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. సొంత డబ్బుతో టీవీలో అరగంట చొప్పున సమయం కొని, చార్టులు చూపిస్తూ దేశం అప్పుల లెక్క జనానికి విడమరిచి చెప్పాడు. జులైలో తప్పుకుని అక్టోబరులో మళ్ళీ దిగినా దాదాపు 1.97 కోట్ల మంది, అంటే నూటికి 19 మంది, ఆయనకే ఓటేశారు. కానీ రాష్ట్రాలవారీగా దక్కే, అధ్యక్షుణ్ణి చివరికి తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు.

1968లో ఇలాగే పెద్ద పార్టీలకి బయట నిలబడ్డ జార్జ్ వాలెస్‌కి అందులో సగం ఓట్లే వచ్చాయి. నల్లవాళ్ళని తెల్లవాళ్ళ నుంచి వేరుగా ఉంచడాన్ని బాహాటంగా సమర్థించిన మనిషి. కానీ ఆ ఓట్లు దక్షిణాదిలో ఒకేచోట కుప్పగా పడ్డాయి. అలబామా, మిసిసిపీ, జార్జియా, లూసియానా, ఆర్కన్సా ఆయనవయ్యాయి, 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. రాష్ట్రంలో ముందున్నవాడికే అన్నీ కట్టబెట్టే పద్ధతి ఇది. ఇప్పుడు మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో మాత్రం కొంత వేరు. ఒక ప్రాంతపు ద్వేషానికి ఫలితం దక్కి, దేశమంతటా ఉన్న అసంతృప్తికి దక్కకపోవడం నాకు మింగుడుపడదు.

అసలు బ్యాలెట్ మీద పేరు రావడమే గగనం. మా టెక్సస్‌లో ఇండిపెండెంట్‌గా అధ్యక్ష పదవికి నిలబడాలంటే, గత అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రంలో పోలైన ఓట్లలో ఒక శాతం సంతకాలు తేవాలి. 2024లో అవి లక్షా పదమూడు వేలకు పైనే. ఆ ఏడాది ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటేసినవాళ్ళ సంతకం చెల్లదు. గడువేమో మే నెలలోనే! పెద్ద పార్టీల అభ్యర్థులకి ఈ తిప్పలు లేవు.

ఎన్నికలప్పుడు ఇక్కడి మనవాళ్ళు ఎక్కడ కలిసినా "మూడోవాడికి వేస్తే ఓటు వేస్టే" అంటారు. వెంటనే 2000 నాటి ఫ్లోరిడా ప్రస్తావన వస్తుంది. అక్కడ డెమొక్రాట్ అల్ గోర్ మీద రిపబ్లికన్ జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు, మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కి పడ్డవి 97,488. నాడర్ ఓట్లు చీల్చి గోర్‌ని ముంచాడని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఆ ఓట్లు ముందే గోర్ ఖాతాలో ఉన్నవి కావు, వాటిని ఆయనే అడిగి సంపాదించుకోవాల్సింది. ఒక్క పేరే ఎంచుకోమని, ఆ మనిషి వెనకబడితే రెండో ఇష్టం ఏమిటో అడగని బ్యాలెట్‌ని ఎవరూ తప్పుపట్టరేం?

మెయిన్‌లో 2020 నుంచి అధ్యక్ష ఎన్నికలోనూ ఓటరు వరుసగా 1, 2, 3 అని ఇష్టాలు రాయొచ్చు. ఎవరికీ సగం దాటకపోతే, ఓడిన చిన్న అభ్యర్థి ఓటర్ల తర్వాతి ఇష్టం లెక్కలోకి వస్తుంది. 2024లో కొలరాడో, ఆరెగాన్, ఐడహో, నెవాడా ఓటర్లు ఇలాంటి ప్రతిపాదనల్ని తిరస్కరించారు, చాలా బాధేసింది. అలాస్కాలో మాత్రం అమల్లో ఉన్న ఈ విధానాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన కొద్దిపాటి తేడాతో వీగిపోయింది. నాకు ఓటు వేస్టని చెప్పేవాళ్ళకి ఇప్పుడు ముందుగా అలాస్కా సంగతే చెబుతున్నాను.