ట్యాగుల నుంచి స్టార్లకు, మళ్లీ వెనక్కి

ఈరోజంతా ఒకటే పని. ఎప్పుడో వెబ్‌లో పెట్టిన పెద్ద వ్యాసం ఒకటి తిరగరాయాల్సి వచ్చింది. బ్రౌజర్‌లో ఉండే ఆ చిన్న పెట్టెలో అంత పెద్దది దిద్దడం నా వల్ల కాదు. పేజీ రిఫ్రెష్ అయితే రాసిందంతా పోతుందేమోనన్న టెన్షన్ ఒకటి. పైగా ప్రతి పేరాకీ అటూ ఇటూ ట్యాగులు (పేజీకి రూపం ఇచ్చే కోడ్ గుర్తులు), వాటిలో స్పాన్‌లనే ఇంకొన్ని ట్యాగులు, స్పాన్‌లలో రంగూ సైజూ చెప్పే స్టైల్‌లు. వాక్యం ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. అందుకే ఆ ట్యాగులతో ఉన్న హెచ్‌టీఎంఎల్‌ని బయటికి తెచ్చుకుని, మార్క్‌డౌన్‌గా (అంటే ట్యాగుల బదులు స్టార్లు, హ్యాషుల లాంటి చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్‌గా) మార్చి, నా ఎడిటర్‌లో రాసుకుని, మళ్లీ హెచ్‌టీఎంఎల్ చేసి పెడతాను.

జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్‌ని బయటపెట్టినప్పుడు కోరుకున్నది ఇదే: ఏమీ మార్చకుండా, ఉన్న ఫైలుని ఉన్నట్టే మనిషి చదువుకోగలగాలి. తెలుగులో రాసేవాళ్లకి దీనివల్ల ఇంకో మేలు ఉంది. ట్యాగు రాయాలంటే ప్రతిసారీ ఇంగ్లీషు కీబోర్డుకి వెళ్లి రావాలి. స్టారు, హ్యాషు అయితే నేను వాడే కీబోర్డులో తెలుగు మధ్యలోనే పడతాయి, ఆలోచన తెగదు.

మార్చడానికి పాండాక్ వాడతాను. తత్వశాస్త్రం బోధించే జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. ఇచ్చిన పత్రాన్ని ముందు తనలో ఒక చెట్టు రూపంలోకి చదువుకుంటుంది, తర్వాత మనం అడిగిన రూపంలో రాసి ఇస్తుంది. ఆ కొత్త రూపంలో చోటు లేనివి అక్కడే రాలిపోతాయి, లేదా ట్యాగులుగానే మిగిలిపోతాయి. అక్షరాల రంగులు పోతే నాకేం బాధ లేదు, నిజానికి పోవాలనే కోరుకుంటాను. పట్టికలతోనే చిక్కు. రెండు వరుసలు కలిపిన గడి మామూలు మార్క్‌డౌన్ పట్టికలో కుదరదు. అలాంటివి హెచ్‌టీఎంఎల్‌గానే వదిలేశాను, మార్క్‌డౌన్ దానికి ఒప్పుకుంటుంది. కానీ పట్టిక మధ్యలో ఒక ఖాళీ లైను ఉందంటే హెచ్‌టీఎంఎల్ అక్కడితో అయిపోయిందనుకుంటుంది. ఆ తర్వాతి లైను నాలుగు ఖాళీలు లోపలికి జరిగి ఉంటే దాన్ని కోడ్ అనుకుని పెట్టెలో పెట్టేస్తుంది. అందుకే పట్టికల్లో ఖాళీ లైన్లన్నీ ముందే తీసేశాను.

పాండాక్ లైన్లని 72 అక్షరాల దగ్గర విరిచేస్తుంది, ఆ ఆప్షన్ ఆపేయాలి. లేకపోతే లైను మారినచోటల్లా కొత్త లైను వేసే సైట్లలో వాక్యాలు నడుమకి విరుగుతాయి.

మధ్యాహ్నమంతా బోల్డ్ అక్షరాలకే సరిపోయింది. మార్క్‌డౌన్‌లో మాటకి అటూ ఇటూ రెండేసి స్టార్లు పెడితే అది బోల్డ్ అవుతుంది. హెచ్‌టీఎంఎల్‌లో చక్కగా ఉన్న ఒక మాట మార్క్‌డౌన్‌లోకి వచ్చాక ఇలా తయారైంది:

**‘వలస’**లో

ప్రివ్యూలో బోల్డ్ రాలేదు, స్టార్లే కనబడుతున్నాయి. ఇది తప్పు కాదు, రూల్. మార్క్‌డౌన్ రూల్స్‌ని కచ్చితంగా రాసిపెట్టాలని 2014లో వచ్చిన కామన్‌మార్క్ ప్రకారం, ముగింపు స్టార్లకి ముందు కోట్ లాంటి గుర్తు ఉండి, వెంటనే అక్షరం వస్తే అవి ముగింపు కింద లెక్కకు రావు. ఇంగ్లీషులో మాట అయిపోగానే ఖాళీ వస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది పెద్దగా తెలియదు. మనకి ‘లో’, ‘కి’, ‘ని’ అన్నీ మాటకే అతుక్కుంటాయి. కోట్స్‌ని స్టార్ల బయటికి తెస్తే సరిపోయింది: ‘**వలస**’లో. స్టార్ల బదులు అండర్‌స్కోర్ వాడితే కోట్స్ లేకపోయినా ఇదే గొడవ, విభక్తి అతుక్కున్న చోట అది అసలు పనిచేయదు. తెలుగుకి స్టార్లే దిక్కు అని నా గట్టి అభిప్రాయం. ఇలాంటి రూల్స్ రాసేటప్పుడు మన భాషల వాక్యాలు కూడా పరీక్షకి పెడితే ఎంత బాగుంటుందో.

ఇంకొకటి కూడా జాగ్రత్తగా చూశాను. ‘సైట్‌లో’ అన్నప్పుడు పొల్లుకీ ‘లో’కీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. చెత్త ఏరేస్తామని వచ్చే స్క్రిప్టులు దాన్నీ ఏరేస్తే అది ‘సైట్లో’ అయిపోతుంది. విడిపోని ఖాళీలు (లైను చివర రెండు మాటలు విడిపోకుండా పట్టి ఉంచే ప్రత్యేక ఖాళీలు) మాత్రం తీయక తప్పదు, అవి ఉన్నంతసేపూ నా ఎడిటర్‌లో రెండు మాటల్ని కలిపి వెతికితే దొరకవు. అందుకని ఆ స్క్రిప్టుల జోలికి పోకుండా ఆ ఖాళీల్ని మాత్రమే ఎంచి మార్చాను.

సాయంత్రానికి వ్యాసం వెనక్కి చేరింది. పెట్టేముందు హెచ్‌టీఎంఎల్‌లో స్టార్ల కోసం ఒకసారి వెతికాను, ఏమీ మిగల్లేదు. ఇకనుంచి ఈ వ్యాసానికి మార్క్‌డౌన్ ఫైలే అసలు ప్రతి. రేపు అచ్చుతప్పు ఒకటి కనబడినా ఫైల్లోనే దిద్ది పంపుతాను, సైట్‌లో ముట్టుకోను. ఫుట్‌నోట్లు మిగిలాయి, అవి రేపు.