కిచెన్‌లో క్వార్ట్జ్ వేయిస్తున్నారా? ఆ రాయి కోసేవాళ్ళ సంగతి ఒకసారి చదవండి

ఈమధ్య ఇల్లు కట్టుకునే వాళ్ళు చాలామంది కిచెన్ ప్లాట్‌ఫాంకి గ్రానైట్ వద్దు, క్వార్ట్జ్ వేయిస్తాం అంటున్నారు, తెల్లగా ఉంటుంది, మరకలు పట్టవు, చూడ్డానికి బాగుంటుంది, అన్నీ నిజమే. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో అయితే ఎప్పట్నుంచో ఇదే. వైజాగ్ దగ్గరా హైదరాబాద్ దగ్గరా తయారైన పలకలు కూడా అక్కడికి వెళ్తుంటాయి. కానీ ఆ పలకల్ని కోసేవాళ్ళకి ఏమవుతోందో డాక్టర్లు రాసిన స్టడీలు చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఈ క్వార్ట్జ్ పలక గనిలోంచి నేరుగా వచ్చే రాయి కాదు. క్వార్ట్జ్‌ని పొడి కొట్టి, రెజిన్ అనే జిగురు, రంగులు కలిపి ప్రెస్ చేస్తారు. చాలా రకాల్లో సిలికా, అంటే క్వార్ట్జ్‌లో ఉండే పదార్థం, 90 శాతం పైనే. మార్బుల్‌లో సాధారణంగా 5 శాతం లోపు, గ్రానైట్‌లో రకాన్ని బట్టి మారుతుంది గానీ మామూలుగా సగం కూడా ఉండదు. పలక బిగించేశాక ఇంట్లోవాళ్ళకి ఏ ప్రమాదమూ లేదు, దాని మీద నిశ్చింతగా కూరలు తరుక్కోవచ్చు. గొడవంతా కోసేటప్పుడు, సింక్‌కి కటింగ్ పెట్టేటప్పుడు, అంచులు పాలిష్ కొట్టేటప్పుడు లేచే దుమ్ముతోనే. అందులో కంటికి కనపడనంత సన్నటి సిలికా రేణువులు ఊపిరితిత్తుల అట్టడుక్కి పోతాయి, అక్కడ కాపలా ఉండే కణాలు వాటిని మింగి అరిగించుకోలేక చచ్చిపోతాయి, రేణువు మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అలా జరిగీ జరిగీ ఊపిరితిత్తి లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. ఇదే సిలికోసిస్. పని మానేసినా ముదరొచ్చు. నయం చేసే మందు లేదు, బాగా ముదిరితే ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి.

జబ్బు పాతదే, గనుల్లో క్వారీల్లో దశాబ్దాలు పనిచేసిన వాళ్ళకి వచ్చేది. ఈ కృత్రిమ రాయితో మాత్రం ఇంకా త్వరగా వస్తోంది, వయసులో ఉన్నవాళ్ళకే వస్తోంది. 2012లోనే ఇజ్రాయెల్ డాక్టర్లు ఇలాంటి 25 మంది గురించి రాశారు. 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే డాక్టర్ల పత్రికలో కాలిఫోర్నియా స్టడీ వచ్చింది, నన్ను బాగా కదిలించింది అదే. మొత్తం 52 మంది, అందరూ మగవాళ్ళు, ఒక్కరు తప్ప అందరూ లాటిన్ అమెరికా దేశాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు, అటూ ఇటుగా 45 ఏళ్ళ వయసు. అందులో 10 మంది చనిపోయారు. 11 మందిని ఊపిరితిత్తుల మార్పిడికి పంపితే స్టడీ నాటికి ఆపరేషన్ జరిగింది 3 మందికి. ఇంకో సంగతి, సగం మందికి పైగా మొదట జబ్బే సరిగ్గా పట్టుకోలేదు, న్యుమోనియా అన్నారు, టీబీ అన్నారు.

ఆస్ట్రేలియా వాళ్ళు దీని మీద గట్టిగా పనిచేశారు. కార్మికుల్ని పిలిచి పిలిచి పరీక్షలు చేశారు, ఎక్స్‌రేలో ఏమీ కనపడని వాళ్ళలో కూడా కొందరికి సీటీ స్కాన్‌లో బయటపడింది. నీళ్ళు పోసి కోయండి, మాస్కు పెట్టుకోండి అని రూల్స్ ఉన్నా కేసులు ఆగలేదు. చివరికి 2024 జులై 1 నుంచి ఆ రాయి తయారీ, సరఫరా, కోతా బిగింపూ అన్నీ బ్యాన్ చేసేశారు. దేశం మొత్తం మీద ఇలా బ్యాన్ చేసింది వాళ్ళే మొదట. కాలిఫోర్నియా బ్యాన్ దాకా పోలేదు గానీ 2023 డిసెంబర్ చివర్లో పొడిగా కోయడాన్ని ఆపేస్తూ ఎమర్జెన్సీ రూల్స్ తెచ్చింది.

మరి మన దగ్గర? మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లాట్ పని జరుగుతుంటే వెళ్ళి చూశా. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కుర్రాడు హాల్లో గొంతుక్కూర్చుని చేతి కటింగ్ మెషిన్‌తో సింక్ కోస్తున్నాడు, పక్కన ఇంకో అబ్బాయి మూతకి బెజ్జం పెట్టిన వాటర్ బాటిల్‌తో బ్లేడ్ మీద నీళ్ళు చిమ్ముతున్నాడు, బాటిల్ అయిపోయి నింపుకొచ్చేలోపు కోత ఆగదు, గదంతా తెల్లటి పొగ. కనురెప్పల మీద కూడా పొడి. మూతికి కర్చీఫ్. మాస్కు ఏదని అడిగితే "ఇది కట్టుకున్నా కదన్నా" అన్నాడు. ఆ గుడ్డ ముక్కులోకి పెద్ద దుమ్ము పోకుండా ఆపుతుందేమో, జబ్బు తెచ్చే సన్న రేణువుకి అది అడ్డే కాదు.

ఇలాంటి కుర్రాళ్ళు ఏ రిజిస్టర్లోనూ ఉండరు. సిలికోసిస్ వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలని ఫ్యాక్టరీల చట్టంలో ఎప్పట్నుంచో ఉండేది, కానీ ఆ చట్టం కింద కరెంటుతో నడిచే చోట మామూలుగా 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ కింద లెక్క వచ్చేది. దాని బదులు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో అది 20 అయింది. నలుగురు కుర్రాళ్ళూ ఒక ఆటో ట్రాలీతో నడిచే రాళ్ళ షాపు ఇందులోకి ఎక్కడ వస్తుంది? వెతికితే కదా కేసులు కనపడేది.

వెతికే దారులు మన దేశంలోనే ఉన్నాయి. అహ్మదాబాద్‌లో ఐసీఎంఆర్ వాళ్ళ వృత్తి ఆరోగ్య సంస్థ, రక్తంలో సీసీ16 అనే ప్రొటీన్ తగ్గడాన్ని బట్టి ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని ముందే పసిగట్టే టెస్ట్ తయారు చేసింది. రాజస్థాన్ 2019లో ఒక పాలసీ తెచ్చింది, సిలికోసిస్ అని సర్టిఫికెట్ వస్తే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. డబ్బు సంగతి అలా ఉంచితే, సర్టిఫికెట్ ఇవ్వడం కోసమైనా అక్కడ పరీక్షలు చేయాల్సి వస్తోంది. గ్రానైట్‌కి పేరున్న చీమకుర్తి, కరీంనగర్, ఖమ్మం లాంటి చోట్ల మన రెండు రాష్ట్రాలూ ఆ పని ఎందుకు చేయకూడదు? నాకైతే ఇది చాలా అర్జెంట్ అనిపిస్తోంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. సిలికా తక్కువున్న రాయి తీసుకోండి. సింక్, స్టవ్ కొలతలు ముందే ఇచ్చేసి నీళ్ళ లైను ఉన్న మెషిన్ మీద షాపులోనే కోయించండి, కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వండి. ఇంట్లో కోయక తప్పకపోతే నీళ్ళ పైపు లాగి ఇచ్చి, ఎన్95 మాస్కులు మీరే కొనిపెట్టండి, అవి కూడా ముఖానికి టైట్‌గా ఉంటేనే పనిచేస్తాయి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి పోతుంది. పొడి ఊడ్పించొద్దు, తడిగుడ్డతో తీయించండి.

మీ ఇంట్లోనో బంధువుల్లోనో రాయి పని చేసిన మనిషి ఉండి, పొడి దగ్గు తగ్గక మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే డాక్టర్ అడక్కపోయినా ఆ పని ఎన్నేళ్ళు చేశాడో చెప్పండి. టీబీ అని మందులు రాస్తే మానొద్దు, సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే, కానీ కోర్సు అయ్యాక కూడా ఆయాసం అలాగే ఉంటే ఛాతీ డాక్టర్ దగ్గరికెళ్ళి సిలికోసిస్ ఏమో చూడమని మీరే అడగండి.