పది ఒంటెలూ తాగేదాకా

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటగానే మన మందిరాల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. హ్యాపీ న్యూ ఇయర్లు అయ్యాక, ఒక్కో బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డుల పళ్లెం బయటికి వస్తుంది. కళ్లు మూసుకుని ఒకటి తీస్తాం. ఆశీర్వాదం వస్తే బైబిల్లో దాచుకుంటాం. కాస్త గద్దింపులా ఉంటే? మా సంఘంలో ఒకావిడ దాన్ని మెల్లగా పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది నేనూ అదే పని చేశాను కాబట్టి ఆమెనేం అనను.

కార్డు మీద నాకు కోపం లేదు. వాక్యం వాక్యమే. నా బాధంతా జనవరిలో మొదలయ్యేదాని గురించి. ఉద్యోగం మానాలా, స్థలం కొనాలా, ఈ సంబంధం ఖాయం చేసుకోవాలా, అన్నిటికీ ఆ కార్డే తీర్పు అయిపోతుంది.

మా అక్క పెళ్లి అలాగే జరిగింది. ఆ ఏడు నాన్న తీసిన కార్డు యెషయా 43:19. "ఇదిగో నేనొక నూతనక్రియ చేయుచున్నాను, ఇప్పుడే అది మొలుచును." సంక్రాంతి సెలవుల్లో సంబంధం వచ్చింది. అబ్బాయి మా వరండాలో కూర్చుని పాట పాడితే పక్కింటివాళ్లు కూడా వచ్చి విన్నారు. వాళ్ల ఊళ్లో ఒకసారి వాకబు చేద్దామని పెద్దమామయ్య అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "ఇప్పుడే మొలుచును అని దేవుడు చెప్తుంటే మళ్లీ వాకబేంటి బావా, అది అవిశ్వాసం కాదా" అన్నారు. ఫిబ్రవరిలో ప్రధానం. ఈస్టర్ వెళ్లగానే పెళ్లి.

నాలుగు నెలలకు అక్క ఒక్కతే బస్సు దిగి వచ్చింది. అమ్మ మంచినీళ్లు ఇస్తే గ్లాసు అందుకున్న చేతికి రోల్డ్ గోల్డ్ గాజులున్నాయి. అమ్మ వాటినే చూస్తూ నిలబడిపోయింది. అప్పులన్నీ పెళ్లికి ముందువే. వాళ్ల వీధి కిరాణా కొట్లో అడిగినా చెప్పేవాళ్లట.

ఆ అబ్బాయి గురించి దేవుడు మాకు ఏమీ చెప్పలేదు. చెప్పాడని మేమే చెప్పుకున్నాం. బబులోను చెరలో మగ్గే జనానికి ఇచ్చిన మాటను మా ఇంటి లగ్నపత్రిక చేసుకున్నాం. కార్డు మీద అచ్చువేయని ముక్క ఒకటి ఆ వచనంలోనే ఉంది, ఎప్పుడైనా గమనించారా? "ఇప్పుడే అది మొలుచును" అన్న వెంటనే "మీరు దాని నాలోచింపరా?" అని ఉంటుంది. ఆలోచించమని అడిగిన వచనాన్ని పట్టుకుని మేం ఆలోచించడం మానేశాం.

ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, మరి అబ్రాహాము దాసుడు గుర్తు అడగలేదా అని. అడిగాడు. అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పిల్లను వెదకడానికి వెళ్లినప్పుడు అడిగాడు. ఆ కథ ఉన్న ఆదికాండము 24 నాకు ప్రాణం, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. (మనం ఎలీయెజెరు అంటాం గాని ఆ 67 వచనాల్లో అతని పేరే లేదు.) అతను ఏం గుర్తు అడిగాడో చూడండి. ఎర్ర ముసుగు వేసుకున్న పిల్ల మొదట వస్తే అదే నీ చిత్తం అనలేదు. నాకు నీళ్లిమ్మంటే "నీ ఒంటెలకు కూడా పెడతాను" అని తనంతట తాను అనే పిల్ల కావాలన్నాడు.

ఒంటెలు పది. దాహం మీదున్న ఒంటె ఒక్కసారికి వంద లీటర్ల దాకా తాగగలదు. అందులో సగం వేసుకున్నా ఆ పిల్ల ఎన్ని కడవలు మోయాలి? పైగా అది గిలక వేసి లాగే బావి కాదు. ఆమె బావిలోకి దిగి, కడవ నింపుకొని ఎక్కి వచ్చిందని 16వ వచనం చెబుతోంది. సాయంకాలం, భుజం మీద కడవ. దాసుడితో వచ్చిన మగవాళ్లున్నారు, ఒక్కడు చెయ్యి వేసినట్టు లేదు. ఆ పిల్ల మాత్రం పరుగెత్తింది. పరదేశులు కనబడితే ఎదురు పరుగెత్తి అన్నం పెట్టిన అబ్రాహాము ఇంటికి ఎలాంటి కోడలు కావాలో ఆ దాసుడికి తెలుసు. అది తెలిసి చేసిన ప్రార్థన అది. అతను అడిగిన గుర్తే ఆమె గుణానికి పరీక్ష.

ఇక నన్ను పట్టుకుని వదలనిది 21వ వచనం. అతను ప్రార్థన ముగించకముందే ఆ పిల్ల, రిబ్కా, వచ్చేసింది. అడిగిన మాట అడిగినట్టే అంది. మనమైతే ఆ క్షణమే సాక్ష్యం చెప్పేసి, వాట్సాప్‌లో కూడా పెట్టేస్తాం. అతను ఆమెను తేరి చూస్తూ "ఊరకుండెను". యెహోవా తన ప్రయాణాన్ని సఫలం చేశాడో లేదో తెలుసుకోవాలని ఊరకున్నాడు. ప్రార్థనకు జవాబు కళ్లముందు మెట్లెక్కి దిగుతుంటే కూడా పదో ఒంటె తాగేదాకా ఆగాడు. నగలు బయటికి తీసింది ఆ తర్వాతే. ఆ పైన 58వ వచనంలో ఇంట్లోవాళ్లు పిల్లనే పిలిచి "ఈ మనుష్యునితో కూడ వెళ్లెదవా" అని అడిగారు. మా ఇంట్లో అక్కను అడిగినట్టు నాకు గుర్తులేదు.

జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగమని పత్రిక రాసిన యాకోబు అన్నాడు. ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడట. ఇస్తానన్నది జ్ఞానం. చేతిలో పెడుతుంటే మనం చీటీ అడుగుతున్నాం. అమ్మా, అయ్యా, మీ పిల్లల పెళ్లి అయినా, ఇంటి అప్పు అయినా, ఉపవాసం ఉండండి, మోకాళ్ల మీద ఉండండి. లేచాక చెప్పులేసుకుని వెళ్లి నలుగురిని అడిగి రండి.

ఇప్పుడు మా అమ్మాయికి ఒక సంబంధం నడుస్తోంది. డెబ్బై దాటిన పెద్దమామయ్యనే బతిమాలి, మా ఆయనను తోడిచ్చి వాళ్ల ఊరు పంపించాను. రెండు రోజులున్నారు. కిరాణా కొట్టుకూ వెళ్లారు, అబ్బాయి పనిచేసే చోటుకూ వెళ్లారు. అంతా బాగానే ఉందని వచ్చి చెప్పారు. నేను పిల్లను కూర్చోబెట్టి అడిగాను. ఇంకో రెండు ఆదివారాలు ఆగమంది, అబ్బాయితో ఇంకొంచెం మాట్లాడాలట.

నిన్న అబ్బాయి నాన్నగారు ఫోన్ చేశారు. "దేవుని చిత్తం మాకు తెలిసిపోయిందమ్మా, మీకింకా తెలియలేదా" అన్నారు.

"మా ఒంటెలు ఇంకా తాగుతున్నాయండీ" అన్నాను. ఒక్క క్షణం ఆగి, నవ్వారు.