అబ్రొగేట్ ఒక్కటి పట్టుకుంటే రోగారే ఫ్యామిలీ అంతా వచ్చేస్తుంది

ఫ్రెండ్స్, వొకాబులరీ అంటే బెంగపడేవాళ్ళ కోసం రాస్తున్నా. నా పోటీ పరీక్షల ప్రిపరేషన్‌లో బాగా పనికొచ్చింది ఏంటంటే లిస్టులు బట్టీ కొట్టడం మానేసి ఒక్కో లాటిన్ రూట్ వెనక కథ చదవడం, వాటిలో నాకు బాగా ఇష్టమైంది అబ్రొగేట్.

చట్టాన్నో ఒప్పందాన్నో అధికారికంగా రద్దు చేయడం, ఇదీ అర్థం. రూట్ చూస్తే రోగారే, అంటే అడగడం. అడగడానికీ రద్దుకీ ఏంటి సంబంధం? పాత రోమ్‌లో కొత్త చట్టం కావాలంటే మేజిస్ట్రేట్ (అంటే ఎన్నికైన అధికారి) జనసభ ముందుకొచ్చి దీనికి ఒప్పుకుంటారా అని అడగాలి, ఆ ప్రతిపాదన పేరే రొగాటియో, ఒప్పుకున్నవాళ్ళ ఓటు ఊటి రోగాస్, అంటే నువ్వు అడిగినట్టే కానీ అని. అబ్ అంటే తీసేయడం, దూరం చేయడం, అలా ఉన్న చట్టాన్ని తీసేద్దామా అని అడగడం కాస్తా అబ్రొగేట్ అయింది. ఎంత బాగుందో చూడండి!

రోమన్ న్యాయవేత్తలు ఇంకో తేడా కూడా చెప్పారు, చట్టం మొత్తం పోతే అబ్రొగేట్, కొంత భాగమే పోతే డెరొగేట్. ఇది గుర్తుంటే దగ్గర దగ్గర ఆప్షన్లు ఇచ్చినా తికమక ఉండదు. ఇంటరొగేట్ (ప్రశ్నించడం), సరొగేట్ (ఒకరి బదులు ఉండేవాళ్ళు), ఆరొగేట్ (హక్కు లేకుండా సొంతం చేసుకోవడం) కూడా ఈ ఫ్యామిలీయే.

ప్రొరోగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. రోమ్‌లో అది పొడిగించడం, క్రీ.పూ. 326లో నేపుల్స్ ముట్టడి నడిపిస్తున్న కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత అధికారి) పబ్లిలియస్ ఫిలోకి పదవీకాలం అయిపోయినా సైన్యం మీద అధికారం అలాగే పొడిగించారు, ఇంగ్లిష్‌కి వచ్చేసరికి వాయిదా మీదుగా జరిగి పార్లమెంటు సెషన్ ముగించడం అయిపోయింది. అందుకే రూట్‌తో ఊహించి వదిలేయకుండా డిక్షనరీలో ఇప్పటి వాక్యం ఒకటి చూసి నోట్స్‌లో పక్కనే రాసుకోండి.

ఎర్రర్ స్పాటింగ్‌కి (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలకి) అయితే ప్రిపొజిషన్లు ముఖ్యం. అబ్రొగేట్ తర్వాత ఏ ప్రిపొజిషనూ రాదు, నేరుగా ట్రీటీనో లానో వస్తుంది, తగ్గించడం అనే అర్థంలో డెరొగేట్‌కి ఫ్రమ్, ఆరొగేట్‌కి టు వన్‌సెల్ఫ్. ఇంకోటి, అబ్నెగేట్ చూడ్డానికి చుట్టంలా ఉంటుంది గానీ దాని రూట్ నెగారే, కాదనడం, దాన్ని ఈ పేజీలో కలపకుండా వేరే పేజీలో రాసుకోండి.